కిరణ్ పాల్ కనిపెట్టిన పాట

నల్లగండ్ల నుంచి హైటెక్ సిటీకి ఆఫీసు క్యాబ్‌లో నలభై నిమిషాలు. వాన పడితే గంటన్నర. ఆ సమయంలో పక్కనున్న ముగ్గురూ మెడలు వాల్చి కునుకు తీస్తుంటే, కిరణ్ పాల్ మాత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకుని కొత్త గాయకులను కనిపెట్టేవాడు. ఎవరూ అడగలేదు. అయినా దేశానికి ఆ మాత్రం సేవ చేయకపోతే ఎలాగని కనిపెట్టేవాడు.

సినిమా పాటంటే ఆయనకు చిన్నచూపు. సొంతంగా పాట కట్టుకుని, సొంత ఫోనుతో వీడియో తీసుకుని, చుట్టపక్కాలతో సహా వందమందికి మించి ఎవరూ చూడని గాయకుడంటే ప్రాణం. అలాంటి వీడియో దొరకగానే ఆఫీసులో తాను నడిపే 'ముందే విన్నాం' అనే గ్రూపులో లింకు పెట్టి, "గుర్తుపెట్టుకోండి, ముందు చెప్పింది నేనే" అని కింద రాసేవాడు. గ్రూపులో రెండు వందల పన్నెండు మంది ఉన్నారు. సగం మంది దాన్ని మ్యూట్‌లో పెట్టుకున్నారన్న సంగతి పాపం ఆయన దాకా రాలేదు. ఆ గాయకుడు ఖర్మకాలి పదివేల వ్యూస్ దాటాడా, "ఇక వాడు పోయాడు" అని పెదవి విరిచేసేవాడు.

ఆయన భార్య హన్నా నర్సు. గుంటూరు ఆడపడుచు. ఈ సేవ మీద ఆవిడకు ఆవిడ అభిప్రాయం ఉంది.

"ఊళ్ళో అందరి పాటలూ వింటారండీ. ఆదివారం చర్చిలో మాత్రం పెదవి కదపరు."

"నాది వినే చెవి హన్నా, పాడే గొంతు కాదు," అనేవాడాయన గంభీరంగా.

ఆ చెవి వినేసి ఊరుకుంటే గొడవే లేకపోను. పద్నాలుగేళ్లుగా ఆయన ఉద్యోగం టెస్టింగ్. ఎవరో చెమటోడ్చి రాసిన ప్రోగ్రాంలో తప్పులు వెతకడం, ఒక్కో తప్పుకు నంబరు వేయడం, ఎంత తీవ్రం, ఉండాల్సిందేమిటి, ఉన్నదేమిటి అని రాసి పంపడం. వాళ్లు సరిచేస్తే మళ్లీ చూసి 'పాస్' అనడం. కోడిగుడ్డు మీద ఈకలు పీకినందుకు నెలనెలా జీతమిచ్చే ఉద్యోగం ఇదొక్కటే. కొంతకాలం ఇంట్లో సాంబారుకు కూడా తీవ్రత చెప్పేవాడు. హన్నా గరిటె తిరగేశాక మానుకున్నాడు.

జూన్ నెలలో ఒక సోమవారం, గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద క్యాబ్ కదలక మొండికేసిన పూట, ఆయనకు భవాని దొరికింది. ఆ వీడియోకు అరవై నాలుగు వ్యూస్. చందానగర్ మార్కెట్ వెనక సందులో ఒక ఇస్త్రీ కొట్టు. ఇరవై రెండేళ్ల పిల్ల చొక్కాలు మడత పెడుతూ పాడుతోంది. వెనకాల ఆమె తండ్రి బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తున్నాడు. పాట ఆమె కట్టిందే.

"అంగి ఎవ్వలిదో ఎరుకే నాకు, అంగిల మనిషే ఎరుక లేడు..."

కిరణ్ పాల్ ఒళ్లు జలదరించింది. నాలుగుసార్లు విన్నాడు. తన ఒంటి మీది చొక్కా మడత వైపు ఒకసారి చూసుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆయన కళ్లు తడిశాయి. ఆ ముక్క మాత్రం ఎక్కడా రాయలేదు. వీడియో కింద ఆయన రాసింది ఇది:

"బాగుంది. లోపాలు. ఒకటి: మొదటినుంచి చివరిదాకా వెనక ఇస్త్రీపెట్టె దబ్ దబ్ మని చప్పుడు. తీవ్రత ఎక్కువ. ఉండాల్సింది నిశ్శబ్దం. రెండు: 'మనిషే' అన్నచోట గొంతు వణికింది. మూడు: రెండో చరణంలో పెద్దాయన దగ్గాడు. నాలుగు: చివర్లో గాయని నవ్వింది. సందర్భం లేదు."

ఆయన దృష్టిలో ఇది దీవెన. నచ్చని వీడియోకు ఒక్క లోపం కూడా రాయడు. అంతకుముందు ఈ దీవెనలు అందుకున్న గాయకులు చాలామంది ఆయన్ని బ్లాక్ చేశారు. ఒకతను వాళ్ల అమ్మానాన్నలను కూడా కలిపి తిట్టాడు. భవాని అలాంటి పిల్ల కాదు. సాయంత్రానికే జవాబు రాసింది.

"థాంక్యూ సార్. గింత మంచిగ చూసి నాకు ఎవ్వలు చెప్పలే. సరిజేసి మల్ల పెడ్త."

అన్నట్టే పాత వీడియో తీసేసి కొత్తది పెట్టింది. అందులో చప్పుడు లేదు, దగ్గు లేదు. కిరణ్ పాల్ మురిసిపోయి, "ఒకటి పాస్, మూడు పాస్, రెండు ఇంకా ఉంది" అని రాశాడు. మూడోసారి నవ్వు పోయింది. నాలుగోసారి కూకట్‌పల్లిలో ఎవరో తెలిసినవాళ్ల స్టూడియోలో తీశారు. వెనక నీలం తెర, పక్కన యంత్రం కొట్టే తాళం, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డ భవాని. కిరణ్ పాల్ 'అన్నీ పాస్' అని రాసి కాలరెగరేశాడు. ఆ వీడియోకు పదకొండు వ్యూస్ వచ్చాయి. అందులో ఆరు ఆయనవే.

ఆ వారమే ఆఫీసు వార్షికోత్సవానికి ఎవరైనా కొత్త గొంతును పిలుద్దామని మేనేజరు ప్రియదర్శిని అంది. పద్నాలుగేళ్లలో కిరణ్ పాల్‌ను ఎవరైనా అడిగిన మొదటి సహాయం అది. భవానికి వేదిక మీద పావుగంట ఇప్పిస్తానని అప్పటికప్పుడే కబురు పెట్టేశాడు. మీటింగు గదిలో పెద్ద తెర మీద నాలుగో వీడియో వేశాడు.

ప్రియదర్శిని చివరిదాకా చూసింది. "బానే ఉందండీ. ఇలాంటివి బోలెడున్నాయి కదా. ఇందులో మీకు అంతగా నచ్చిందేమిటి?"

కిరణ్ పాల్ నోరు తెరిచాడు. ఏం నచ్చిందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఇస్త్రీపెట్టె దెబ్బకూ దెబ్బకూ మధ్య సరిగ్గా పడే ఆ పిల్ల మాట. 'మనిషే' అన్నచోట వణుకు. తండ్రి దగ్గితే ఆమె ఒక్క క్షణం ఆగి అందుకోవడం. చివర్లో సిగ్గుపడి నవ్వడం. నచ్చినవి సరిగ్గా నాలుగే. నాలుగింటికీ ఆయన నంబర్లు వేసి ఉన్నాడు.

"మొదటిదొకటి ఉండేది మేడమ్," అన్నాడు నీళ్లు నములుతూ.

"శుక్రవారంలోగా తెండి. లేకపోతే వేరేవాళ్లను చూస్తాం."

మర్నాడు సాయంత్రం ఆయన చందానగర్ వెళ్లాడు. ఇస్త్రీ కొట్టులో పెంటయ్య, ఈయనే ఆ సారని కూతురు చెప్పగానే, కుర్చీ మీది బట్టల మూట తీసి కిందపెట్టి కూర్చోబెట్టాడు. ఈ మర్యాదకు బదులు ఆయన రెండు కొడితే బాగుండుననిపించింది కిరణ్ పాల్‌కు.

"మొదటి వీడియో ఉందా అమ్మా?"

"లేదు సార్. ఫోన్ల జాగ లేకుండె. మీరు ఫెయిల్ జేసినదాన్ని పెట్టుకొని ఏం జేస్త?"

"తప్పు నాదేనమ్మా. అదే బాగుంది. అచ్చం అలాగే మళ్లీ ఒక్కసారి పాడు, నేను తీస్తాను. మీరు మీ పని చేసుకోండి పెంటయ్య గారూ, ఎప్పట్లాగే."

పెంటయ్య పెట్టె అందుకుని చొక్కా మీద ఆనించాడు. చప్పుడు రాలేదు. మళ్లీ ఎత్తి, మళ్లీ అంత మెల్లగానూ దించాడు.

"గట్టిగా పెట్టండి, పర్లేదు."

"ఒద్దు సార్. ఆ సప్పుడుకే గద మా బిడ్డ పాట ఖరాబైంది. నెల సంది గిట్లనే పెడుతున్న. పని జర లేటైతది గని, ఇగ అలవాటైంది."

భవాని పాట ఎత్తుకుంది. గొంతు ఎక్కడా వణకలేదు. దగ్గు వస్తే పెంటయ్య సందులోకి పోయి దగ్గి వచ్చాడు. ఒక్క పాదం పాడి ఆమె ఆగి, కిరణ్ పాల్ మొహంలోకి చూసింది.

"బాగుందమ్మా, ఆపకు."

ఇంకో పాదం పాడి మళ్లీ ఆగింది. చేతులు చొక్కాలు మడుస్తున్నాయి గానీ చూపంతా ఆయన కనుబొమల మీదే ఉంది. అవి కాస్త కదిలితే చాలు, పాడిన పదాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ పాడుతోంది. కిరణ్ పాల్‌కు తన మీద తనకే అసహ్యం పుట్టింది. ఫోను దించేశాడు.

"ఏడ తప్పొచ్చింది సార్?"

"ఎక్కడా రాలేదమ్మా. ఒక్క తప్పు కూడా లేదు."

ఆమె నమ్మలేదు. "ఇంకోసారి పాడ్త సార్. ఈసారి జర మంచిగ చూసి చెప్పున్రి," అంది.