నైవేద్యం పెట్టిన సూప్

ఆ రోజుల్లో నాకొక ధీమా ఉండేది. ఫోన్లలో డేటా చవకైపోయిన కొత్త రోజులవి. ఏ పనినైనా వీడియోలో ఒకసారి చూస్తే చాలు, అది మనకు వచ్చేసినట్టే. మోటారు బాగు చేయడం, మోకాళ్ళ నొప్పి తగ్గించడం, ఇంగ్లీషులో గడగడా మాట్లాడడం, అన్నీ వచ్చేసినట్టే. చేసి చూపించమని ఎవరూ అడగనంత వరకు ఆత్మకూరులో నా అంత విద్యావంతుడు లేడు. నాయనకు బజారులో ఎండుమిరపకాయల హోల్‌సేల్ కొట్టు. ఆ ఘాటుకు నాకు తుమ్ములు ఆగవన్న సాకుతో నెల్లూరు పోయి ఒక హోటల్ వంటింట్లో చేరాను. అక్కడ నా ఉద్యోగం ఉల్లిపాయలు తరగడం. తుమ్ములు తప్పించుకుని కన్నీళ్ళలో పడ్డానన్నమాట. ఇంట్లో మాత్రం 'చెఫ్' అని చెప్పుకున్నాను. కొన్నాళ్ళకు ఆ హోటల్ వాళ్ళు ఉల్లిపాయలు తరిగే మిషను కొన్నారు. నేను ఇంటికొచ్చేశాను. (సెలవు మీద వచ్చానని చెప్పాను. ఆ సెలవు ఇంకా అయిపోలేదు.)

అలాంటి సమయంలో ఉదయగిరి నుంచి పిన్ని ఫోన్ చేసింది. పిన్ని వాళ్ళది అక్కడ కిరాణా కొట్టు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె బాబాయి గల్లా పక్కన కూర్చుని పప్పులు తూచీ తూచీ విసిగిపోయింది. తనదంటూ ఒకటి ఉండాలని, ఊళ్ళో చెక్కే చెక్క స్పూన్లు, గరిటెలు తెచ్చి అమ్ముతానని పట్టుబట్టి బాబాయి చేత కొట్లో ఒక గోడ అర ఖాళీ చేయించుకుంది. ఉదయగిరి స్పూన్లు దేశమంతా పోతాయి గానీ ఉదయగిరిలో వాటితో తిన్నవాడు లేడు. మనకు దేవుడిచ్చిన చెయ్యి ఉండగా చెక్కతో పనేమిటి? అందుకని ఆ అర ముందు గిరాకీ అనేదే లేదు. చివరికి మద్రాసులో ఇలాంటి వస్తువులు అమ్మే ఒక మేడమ్ శుక్రవారం వచ్చి చూస్తానంది. "వచ్చి చూడనీ. ఆమె తీసుకుంటే సరే. లేదంటే సోమవారం ఆ అరలో మళ్ళీ సబ్బులు పెడతా," అన్నాడు బాబాయి. ఆయన మంచివాడే. కానీ సబ్బు మీద ఆయనకున్న నమ్మకం ఇంకదేని మీదా లేదు.

పిన్ని బాధ అది కాదు. "ఆమెకు ఉత్తినే చూపిస్తే చాలదంట్రా. వేడి వేడి దాంట్లో పెట్టి చూపించాలంట. రంగు దిగగూడదంట, వాసన రాగూడదంట, విరగగూడదంట. వాళ్ళ గిరాకీలు తినేది ఏదైనా ఫారిన్ వంట చెయ్యమనింది. నాకు ఉప్మా తప్ప ఏం తెలుసురా?" నా ఛాతీ ఉబ్బింది. "నేనుండగా నీకేంది పిన్నీ, లసాన్యా చేసి పెడతా," అన్నాను. లసాన్యా అంటే పలకల్లాంటి పాస్తా రేకులు, టమాటా గుజ్జు, చీజూ పొరలు పొరలుగా పేర్చి ఓవెన్‌లో కాల్చే ఇటలీ వంట. దానితో నా పరిచయం ఏమిటంటారా? నెల్లూరు హోటల్లో ఒకరోజు అది నా ముందునుంచే ట్రేలో వెళ్ళింది. మంచి వాసన వచ్చింది.

నెల్లూరులో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళి ఆ పాస్తా రేకులు కొన్నాను. ఒక్క ప్యాకెట్ కాదు, పెట్టె. మా వంశంలో ఒక్క ప్యాకెట్ కొన్న మనిషి లేడు. విడిగా కొంటే పై నుంచి పెద్దలు చూస్తారన్న భయం మా రక్తంలోనే ఉంది. ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని గురువారం సాయంత్రం ఉదయగిరిలో బస్సు దిగాను. పిన్ని ఎదురొచ్చి పెట్టె అందుకుంది. "ఓవెన్ ఎక్కడ పిన్నీ?" అని అడిగాను. "అదేందిరా?" అంది పిన్ని. బాబాయి నన్ను బేకరీకి తీసుకుపోయాడు. బేకరీ ఆయన నా ప్లాను సాంతం విని, "శుక్రవారం నా ఓవెన్‌లో బన్నులు ఉండాయి సామీ. మీ అప్పడాల కోసం బన్నులు బయట కూర్చోబెట్టమంటావా?" అన్నాడు. ఇంటికొచ్చి దిక్కుతోచక ఫోన్ తెరిస్తే వీడియో దేవుడు కరుణించాడు. ఓవెన్ లేనివాళ్ళు ఆ సరుకులన్నీ ఒకే గిన్నెలో వేసి సూప్‌గా కాచుకోవచ్చట. పాస్తా రేకులు విరిచి వేయడమే. పైగా స్పూన్లకు సూప్ కన్నా మించిన పరీక్ష ఏముంటుంది? నా అదృష్టానికి నేనే మురిసిపోయి పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే పాస్తా పెట్టె ఖాళీ. మిద్దె మీద చాప పరిచి, దాని మీద పాత పంచె పరిచి, రేకులన్నీ వరసగా ఎండకు పోసి ఉన్నాయి. పక్కన కర్ర పట్టుకుని అవ్వ. ఈ అవ్వ బాబాయికి అమ్మ, ఆ ఇంటికి సుప్రీంకోర్టు. "అప్పడాలు నెమ్ము పట్టినాయిరా అబ్బయ్యా, చేతికి మందంగా తగిలినాయి. అందుకే ఎండబెట్టినా," అంది. అవి అప్పడాలు కావు అవ్వా అంటే, "మరి గుండ్రంగా ఎందుకు చెయ్యలేదు, పిండి చేసినోడికి చేతులు లేవా?" అని ఎదురు ప్రశ్న. ఉదయగిరి ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. మధ్యాహ్నానికి ఆ రేకులు దాహంతో నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఆ దాహమే నా కొంప ముంచుతుందని నాకప్పుడు తెలియదు.

అవ్వ వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చుంది. తీర్పులు మొదలయ్యాయి. ఉల్లిపాయ వద్దు, వెల్లుల్లి వద్దు. ఎందుకంటే శుక్రవారం ఈ ఇంట్లో ఏ కొత్త వంట చేసినా ముందు అమ్మవారికి నైవేద్యం పెట్టాలి. (నాకు నిజంగా చేతనైన పని ఉల్లిపాయలు తరగడం ఒక్కటే. అది కూడా పోయింది.) వాటి బదులు ఇంగువ. బేసిల్ అనే ఆకు వేయాలి, అది మన తులసికి చుట్టమే అని చెప్పి పెరట్లోకి నడవబోతే, "శుక్రవారం తులసి కోస్తావంట్రా!" అని కర్ర అడ్డం పెట్టింది. తులసి బదులు కరివేపాకు. నైవేద్యం కాకముందు రుచి చూడగూడదు కాబట్టి నేను గరిటె అంచు నాలుక మీద పెట్టుకోవడం కూడా నేరమే. ఇటలీ వాళ్ళు ఎవరైనా ఆ తపేలాలోకి తొంగిచూసి ఉంటే ఏ ఊరి రసమని అడిగి ఉండేవాళ్ళు.

అసలు గొడవ చీజ్ దగ్గర వచ్చింది. అది దొరక్క, పాలు విరిచి పనీరులా చేద్దామని మరుగుతున్న పాలలో నిమ్మకాయ పిండాను. అవ్వ పెట్టిన కేకకు కొట్లో బాబాయి చేతిలోని త్రాసు కిందపడింది. "మేడమ్ వస్తాదని చెప్పి, లక్ష్మీవారం పోయి శుక్రవారం వచ్చిన రోజు, చేతులారా పాలు విరగ్గొడతావంట్రా? నీ వంట మండిపోనూ!" పాలు వాటంతట అవి విరిగితేనే కీడని హడలిపోయే ఇల్లు అది. నేను కోరి విరిచాను. పిన్ని మొహం పాలిపోయింది. వెళ్ళి కొట్లో తన అర ముందు నిలబడి స్పూన్లు సర్దినవే మళ్ళీ సర్దుతూ ఉండిపోయింది. చివరికి అవ్వే దోషానికి విరుగుడు చెప్పింది. కొత్త ఇంట్లో పొంగించినట్టు ఇంకో గిన్నెలో పాలు పొంగించాలట. పొంగించాం. పొంగి, పొయ్యి ఆరి, గట్టు మీద నుంచి కారి నా ప్యాంటు మీద పడ్డాయి. "ఆఁ, ఇప్పుడు సరిపోయింది," అంది అవ్వ తృప్తిగా.

విరిగిన పాల ముద్ద తపేలాలో పడింది. చివరగా పాస్తా. నాలుగు గుప్పిళ్ళు విరిచి వేసి ఆపాను. "తెచ్చింది మిగలబెడతావా? ఇంటికొచ్చిన మనిషికి గిద్దెడు పెట్టి పంపితే మర్యాదేనా?" అంటూ అవ్వ మిద్దె మీది పంచెను మూట కట్టి తెచ్చి మొత్తం తపేలాలో కుమ్మరించింది. అయినా సూప్ బాగానే కుదిరింది. ఎర్రగా, పలచగా, తళతళలాడుతూ ఉంది. కదిలిస్తే గలగలమంది. సరిగ్గా అప్పుడే కొట్టు ముందు కారు ఆగింది. మేడమ్ దిగింది. "వేడిగా ఉండగానే పెట్టేద్దాం అవ్వా," అన్నాను. "అమ్మవారి కన్నా ఆమె ఎక్కువంట్రా?" అని అవ్వ తపేలాను దేవుడి గదిలోకి పట్టించి, మూత పెట్టి, తలుపు ఓరగా వేసి పూజలో కూర్చుంది. మామూలు పూజ కాదు. శుక్రవారం పూజ. వెయ్యి నామాలు.

నేను తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను. అవ్వ నామాలు చదువుతోంది. ఒక్కో నామానికి ఒక్కో కుంకుమ చిటికె. లోపల ఎండిన పాస్తా ఒక్కో నామానికి ఒక్కో గుక్క సూప్ తాగుతోంది. అది నాకు వినిపిస్తోంది. మూత కింద నుంచి 'గుబ్... గుబ్' అని శబ్దం వస్తోంది. సగం నామాలయ్యేసరికి ఆ శబ్దం కూడా ఆగిపోయింది. మూత కొంచెం పైకి లేచింది. "అవ్వా, కొంచెం తొందరగా," అని గుసగుసలాడాను. అవ్వ కళ్ళు తెరవకుండానే నా పేరు కూడా నామాల్లో కలిపి ఒక తిట్టు తిట్టి మళ్ళీ మొదలుపెట్టింది. కొట్లో మేడమ్, పిన్ని ఇచ్చిన మజ్జిగ తాగేసి గడియారం చూసుకుంటోంది. చీకటి పడకముందే నెల్లూరు చేరాలట. పిన్ని స్పూన్లు చూపించడం అయిపోయి చూపించినవే చూపిస్తోంది. బాబాయి లోపలికి పోయి సబ్బుల అట్టపెట్టె ఒకటి తెచ్చి అర కింద పెట్టుకున్నాడు. అది చూసి పిన్ని తల తిప్పుకుంది.

హారతి అయింది. తపేలా కొట్లోకి వచ్చింది. మేడమ్ ముందు మూత తీశాను. సూప్ లేదు. అంచుల దాకా బిగిసిన ఎర్రటి దిమ్మె ఉంది. మేడమ్ ఒక చిన్న స్పూన్ తీసుకుని గుచ్చింది. దిగలేదు. ఇంకొంచెం నొక్కింది. స్పూన్ నిటారుగా నిలబడిపోయింది. ఆమె చేయి వదిలేసినా అలాగే నిలబడింది. "మీరు సూప్ అన్నారు కదా?" అంది మేడమ్. "కొంచెం... చిక్కటి సూప్ మేడమ్," అన్నాను. బాబాయి దగ్గు నటిస్తూ బయటికి పోయాడు. నేలలోకి దిగిపోవాలనిపిస్తుందంటారే, అదేమిటో నాకు ఆ రోజే తెలిసింది. పిన్ని నా వంక చూడలేదు. లేచి, అరలో అన్నిటికన్నా పొడుగ్గా ఉన్న గరిటె తీసింది. చీర కొంగు నడుముకు దోపి, తపేలా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండు చేతులతో ఆ గరిటెను దిమ్మెలోకి పొడిచింది. ఇన్నేళ్ళు పప్పులు తూచిన కోపమంతా అందులో ఉందనిపించింది. 'ఫట్' మని శబ్దం వచ్చింది. అందరం ఊపిరి బిగబట్టాం. మేడమ్ వంగి చూసింది. సొట్ట పడింది తపేలాకు. గరిటె చెక్కుచెదరలేదు.

పిన్ని పళ్ళు బిగించి పైకి లేపింది. ఇటుకంత ముక్క ఊడివచ్చింది. పాస్తా రేకులు, ఎర్రటి గుజ్జు, తెల్లటి పాల విరుగుడు, మళ్ళీ పాస్తా రేకులు, పొరలు పొరలుగా ఉంది. మేడమ్ కళ్ళు పెద్దవయ్యాయి. "ఇది లసాన్యానే కదండీ! ఓవెన్ ఎక్కడుంది మీకు?" అంది. పిన్ని తడుముకోకుండా దేవుడి గది వైపు చెయ్యి చూపించింది. మేడమ్ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. "ఇంగువ... బాగుంది. కానీ ఉప్పు..." అనబోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఉప్పు వేయలేదు. రుచి చూస్తే కదా తెలిసేది! నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. "ప్రసాదానికి వంకలు పెట్టగూడదమ్మా. కళ్ళకద్దుకుని తిను." పాపం ఆ మహాతల్లి కళ్ళకద్దుకుని మొత్తం తినింది.

తర్వాత ఆమె ఆ గరిటెను కుళాయి కింద కడిగింది. వాసన చూసింది. రెండు చివరలూ పట్టి వంచి చూసింది. "దీంట్లో విరగలేదంటే ఇంకెందులోనూ విరగదు," అని, అలాంటి గరిటెలూ వాటితోపాటు స్పూన్లూ మద్రాసు పంపమని చెప్పి, ఆ గరిటెను మాత్రం అప్పుడే వెంట తీసుకుపోయింది. కారు కదిలాక పిన్ని వంటింట్లోకి పోయి గోడకేసి తిరిగి ఏడ్చింది. నేను వెనకే వెళ్ళాను. కొంగుతో మొహం తుడుచుకుని, "నా తపేలాకు సొట్ట పెట్టించినావు గదరా సచ్చినోడా," అని నా వీపు మీద ఒకటి వేసింది. ఆ దెబ్బ ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను. బయట బాబాయి ఎవరూ చూడలేదనుకుని సబ్బుల పెట్టెను కాలితో లోపలికి తోసేశాడు. "పాలు విరిగితే విరిగినాయి, పొంగించినాం గదా," అని అవ్వ ఆ ఘనత మొత్తం తన ఖాతాలో వేసుకుంది. మిగిలిన దిమ్మెను వీధి వీధంతా ఉప్పు చల్లుకుని తిన్నారు.

ఇప్పుడు పిన్నికి ఒక అర కాదు, గోడ మొత్తం ఉంది. సబ్బులే ఒక మూలకు చేరాయి. నేను నాయన కొట్లోనే కూర్చుంటున్నాను. తుమ్ములు అలవాటైపోయాయి. మా ఇంట్లో ఓవెన్ కూడా ఉంది. అందులో లసాన్యా పుస్తకంలో బొమ్మలా కుదురుతుంది. పిల్లలు రెండు ముద్దలు తిని ఫోన్లు చూసుకుంటారు. అవ్వ పోయిన తర్వాత మాత్రం, ఎప్పుడైనా శుక్రవారం నాడు, ఓవెన్ పక్కన పెట్టి ఆ సూపే కాస్తాను. ఉల్లిపాయ వేయను. ఇంగువ వేస్తాను. దించి, మూత పెట్టి, ఊరికే కూర్చుంటాను. "అది గట్టిపడిపోతా ఉండాది, వడ్డించకుండా ఎవరికోసం చూస్తా ఉండారు?" అంటుంది మా ఆవిడ. వెయ్యి నామాలు నాకు రావు. అన్నీ వీడియోలోనే నేర్చుకోవచ్చని తిరిగిన ఆ 'చెఫ్' కుర్రాడు కనీసం అవైనా అవ్వ దగ్గర నేర్చుకుని ఉండాల్సింది. అందుకని లోపల లోపల "అవ్వా, కొంచెం నిదానంగా" అనుకుంటూ, గుబ్ గుబ్ శబ్దం ఆగేదాకా అలాగే కూర్చుంటాను. ఉప్పు ఇప్పటికీ మరిచిపోతాను.