దర్జీ అనే మాట

పదకొండేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు కనక? సీతారాండేరా పేటలో ఈ రెండు గదుల్లో ఉన్నది నేనొక్కణ్ణే. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలను. కాస్త వినండి.

బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఆదివారాలు ఈ ఉత్తరాది ఊళ్ళోని మా తెలుగువాళ్ళ హాల్లో అక్షరాల బిళ్ళలతో ఇంగ్లీషు మాటలు పేర్చే ఆట ఆడేవాళ్ళం. అక్కడికి సూరి వచ్చేవాడు. శ్రీకాకుళం వైపు కుటుంబం, ఇక్కడి ఉక్కు ప్లాంటులో క్రేను ఆపరేటరు. పదో తరగతి తప్పినవాడు. అయినా నన్ను చిత్తుగా ఓడించేవాడు. ఎలాగంటారా? ఇంగ్లీషువాడు దేశదేశాలు తిరిగి ఎత్తుకుపోయిన మాటలన్నీ నా డిక్షనరీలోంచే ఏరి నోటుబుక్కులో రాసుకున్నాడు. పక్కన 'యూ' లేకుండానే 'క్యూ'ని గట్టెక్కించే అరబ్బుల ఆకు 'కాట్', అలాగే 'క్యూ'తో రాసే చీనావాళ్ళ ప్రాణశక్తి 'చీ'. చేతిలో మిగిలిపోయిన 'జెడ్' వదిలించుకోవడానికి టిబెట్ పశువు 'జో'. ఇవన్నీ ఎడమ పేజీలో. కుడి పేజీలో మాత్రం ఎప్పటికైనా డిక్షనరీకి ఎక్కాలని వాడు ఆశపడే మన మాటలు: గోంగూర, చీపురు, ముంత. పిచ్చి సన్నాసీ అని నవ్వేవాణ్ణి. లోపల మండిపోయేది.

హాల్లో ఫోన్లు బయటికి తీయకూడదు. డిక్షనరీ మాస్టారి దగ్గరే, అంటే నా దగ్గరే ఉంటుంది, ఆయన చెప్పిందే ఖాయం. ఆడుతున్నది ఆ మాస్టారే అయినా సరే! ఎవరికీ అది తప్పనిపించలేదు. గౌరవం మరి.

ఆ ఏడు ఫైనల్లో నేనూ సూరీ మిగిలాం. గెలిచినవాడు కలకత్తా పోటీకి వెళ్ళాలి. వాడు 'జెడ్' పెట్టి 'దర్జీ' అని పేర్చాడు. పది మార్కుల ఆ బిళ్ళ సరిగ్గా మార్కులు మూడింతలయ్యే గడిలో పడింది. వాడి తండ్రి ఈ ఊళ్ళోనే కాసిడీహ్‌లో కుట్టుమిషను తొక్కి వాణ్ణి పెంచాడు. వెనకనుంచి ఎవరో, "అరే, దర్జీ కూడా ఇంగ్లీషేనా?" అని నవ్వారు. పేజీ తీశాను. ఉంది. నా వేలు దాని మీదే ఉంది.

"లేదు" అన్నాను.

సూరి పుస్తకం వైపు చూడను కూడా లేదు. బిళ్ళలు వెనక్కి తీసుకున్నాడు. నేను గెలిచాను.

ఎందుకలా అన్నాను? కలకత్తా కోసమా? అక్కడ మొదటి ఆటలోనే ఓడి తిరిగొచ్చాను. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి ఇంగ్లీషు నేర్పిన నేను, ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్న ఒక క్రేను ఆపరేటరు ముందు, అందరూ చూస్తుండగా చిన్నబోతానేమోనన్న భయం తప్ప, ఎంత తవ్వుకున్నా నాకింకే కారణమూ దొరకడం లేదు. ఛీ, ఎంత అల్పుణ్ణి!

తర్వాతి ఆదివారం సూరి రాలేదు. ఆ పైవారమూ రాలేదు. నెల్లాళ్ళు చూసి, నిజం చెప్పేద్దామనే ఆదిత్యపూర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. కుర్చీ తుడిచి వేశాడు. టీ పెట్టించాడు.

"ఏం సూరీ, ఆటకి రావడం మానేశావు?"

"ఏటొత్తాను మాస్టారూ! కుడేపు రాయాల్సిన మాట ఎడమేపు రాసీసినట్టున్నాను. మా నాన్న పని కదా, ఆశ కొద్దీ రాసీసుంటాను. ఇంక ఆ నోటుబుక్కులో ఏది అసలో ఏది నకిలీయో నాకే తెల్దు. మీరు సూసి సెప్పేరు గాబట్టి సరిపోయింది. నేకపోతే అంతమందిలో దొంగమాట ఎట్టినోణ్ణయిపోదును."

సొంత చేతిరాత కంటే నన్నే ఎక్కువ నమ్మాడు. నాకు కృతజ్ఞత చెబుతున్నాడు! అప్పుడైనా నోరు విప్పానా? టీ తాగి, బాగుందని చెప్పి వచ్చేశాను.

హాల్లో ఆట ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ఆదివారాలు బల్లకి రెండు వైపులా నేనే కూర్చుని ఆడుకుంటాను. ఆటోలో ఖర్కాయి నది దాటితే సూరి ఇల్లు అరగంట. ఎన్నిసార్లు చెప్పులు వేసుకుని మళ్ళీ విప్పానో. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఇలా రాస్తుంటే ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.

దర్జీ ఉంది. డిక్షనరీలో ఆ పేజీ కుడివైపు వరసలో, పైనుంచి నాలుగో మాట. ఆ రోజు హాల్లో దొంగమాట ఆడింది నేను.