ఎడమ చెవి, సగం ఇల్లు

ఆ ఉదయం డ్యూటీలో బీపీ చూస్తుంటే ఎడమ చెవిలో ఏమీ వినపడలేదు. ఒకటే హోరు. ముందు రోజు నా భర్త కొట్టిన దెబ్బ అది.

నేను సౌదీలోని అభాలో స్టాఫ్ నర్సుని. మాది అమలాపురం వైపు. మా ఆయన ఇక్కడే మొబైల్ షాపులో చేసేవాడు. నితాఖత్ రూలు వచ్చి ఆ పనులు సౌదీలకే అన్నాక ఉద్యోగం పోయింది. అంతకుముందు ఎప్పుడో ఒకసారి లేచే చెయ్యి, ఆ తర్వాత చీటికీ మాటికీ లేచింది.

ఈఎన్‌టీ డాక్టరు చెవిలోకి చూసి, "పర్ఫొరేషన్. హౌ డిడ్ ఇట్ హాపెన్, సిస్టర్?" అన్నారు. బాత్రూంలో పడ్డానని చెప్పబోయాను. తోడొచ్చిన మా వార్డు మణి అక్క ఊరుకోలేదు.

"పడితే చెవిలో చిల్లు పడద్దేటే? ఇంకెన్నాళ్లు దాస్తావు?"

చెప్పాను. నేను చెప్పింది చెప్పినట్టే డాక్టరు కేస్ షీట్‌లో రాశారు. "యు డిడ్ నథింగ్ రాంగ్," అన్నారు.

వినికిడి ఎంతుందో ఆడియోమెట్రీ చేసి చూశారు. దానంతటదే మానుతుందేమోనని ఆగితే ఇన్ఫెక్షన్ వచ్చి చీము పట్టింది. చెవి పొరకు అతుకు వేసే టింపనోప్లాస్టీ చేస్తే మొదటి గ్రాఫ్ట్ నిలవలేదు. ఆ రోజు బాగా ఏడ్చాను.

ఈలోగా అతను ఫైనల్ ఎగ్జిట్ మీద సౌదీ వదిలి వెళ్లిపోయి, ఊళ్లో నా జీతంతో కట్టి ఇద్దరి పేరా రాయించిన ఇంట్లో చేరాడు. నేను విడాకులకు వేస్తానంటే సగం ఇల్లు తనదన్నాడు. సెలవు మీద వెళ్లి లాయరమ్మను కలిశాను.

"కొట్టినంత మాత్రాన వాటా పోద్దని చట్టంలో లేదమ్మా," అన్నారావిడ. "కానీ గృహహింస కేసులో ఆ ఇంట్లో ఉండే హక్కు, దెబ్బకి నష్టపరిహారం అడగొచ్చు. నీ దగ్గర మెడికల్ రిపోర్టుంది. అది చూశాక రాజీకి వాళ్లే వస్తారు."

కేసు వేశాక వచ్చారు. రాజీలో అతను, "ఇల్లంతా నీకే కావాలా?" అన్నాడు.

"కావాలి. ఒక్క చోటైనా భయం లేకుండా పడుకోవాలనుంది."

నేను నష్టపరిహారం వదులుకున్నాను, అతను విడాకులకు ఒప్పుకుని తన వాటా నా పేర రాశాడు.

రెండో సర్జరీ నిలిచింది. ఇప్పుడు జలుబు చేస్తే తప్ప చెవి బాగానే వినిపిస్తుంది. ఉద్యోగం ఇక్కడే. ఆ ఇంట్లో మా చెల్లి పిల్లలతో ఉంటోంది. సెలవులకెళితే ముందు గది నాది, తలుపు తీసే పడుకుంటాను.

దెబ్బ తగిలి ఆసుపత్రికి వెళ్లే అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. ఎవరు కొట్టారో మొదటి రోజే డాక్టరుకు చెప్పండి, రాయించి ఒక కాపీ దగ్గర ఉంచుకోండి. విడిపోవాలని అప్పటికి అనుకోకపోయినా సరే.