నాలుక చాపిన తాతగారు

బహ్రెయిన్‌లో, బుసైతీన్ అనే ఊళ్లో నేను వంటా ఇంటిపనీ చేసిన మేడం ఇంట్లో ఒక గోడ మొత్తం పుస్తకాలే. మేడంది న్యూజిలాండ్. ఏదో స్కూల్లో పిల్లలకి బొమ్మలు వేయడం నేర్పేది. ఆ పుస్తకాలు ఒక్కొక్కటీ రుబ్బురోలంత బరువు, దులపడానికి దింపితే నడుం పట్టేసేది. ఒకదాన్నిండా కుర్చీలే. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికినా, మనిషన్నవాడు కుదురుగా కూర్చోగల కుర్చీ ఒక్కటీ కనబడలేదు. ఇంకోదాంట్లో ఒక పేజీ అంతా నీలం రంగు పూసి ఊరుకున్నారు. "ఇదేంటి మేడం, బొమ్మ వేయడం మర్చిపోయారా?" అని అడిగాను. అదే బొమ్మ అంది. నాకు ఒళ్లు మండింది. అలాంటి బొమ్మ మా ఊళ్లో సున్నాలు వేసేవాడు మా ఇంటి నాలుగు గోడలకీ ఎప్పుడో వేసిపోయాడు, వాడికి పుస్తకం ఎవరూ అచ్చెయ్యలేదు.

మధ్యాహ్నం పని తెమిలాక మేడం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పేజీలు తిప్పి చూపించేది. ఆవిడ ఇంగ్లీషు, నా వచ్చీరాని హిందీ, మిగిలినదంతా చేతులు. నాకు నచ్చింది మావోరీల అల్లికల పుస్తకం. మావోరీలంటే ఆ దేశంలో మొదటినుంచీ ఉన్న జనం. మేడం అమ్మమ్మ వాళ్లలో మనిషే. ఆవిడిచ్చిన ఆకుపచ్చ రాయి మేడం మెడలో ఎప్పుడూ ఉండేది. పొడుగాటి ఆకుల్ని చీల్చి వాళ్లు అల్లిన చాపలూ బుట్టలూ చూస్తుంటే మా అమ్మ తాటాకు బుట్టలు గుర్తొచ్చి, "ఇది మేమూ చేస్తాం" అని తెగ గొప్పలు పోయాను. దాని పక్కనే చెక్కల మీద చెక్కిన బొమ్మల పుస్తకం ఉండేది. దాన్ని పైపైన చూశాను గానీ, ఆ బొమ్మలేమిటో మేడం ఇంకా చెప్పలేదు. కొంప మునిగింది అక్కడే.

అప్పుడే మా ఆయన మనామాలో పాత సూక్ బజారు వెనక సందులో టిఫిన్ సెంటర్ పెట్టాడు. తెరవగానే గ్రైండర్ కాలిపోయింది. కొత్తది తెస్తే, ఏసీలోంచి నీళ్లు కారి సరిగ్గా సాంబారు గిన్నెలో పడ్డాయి. ఆ సాంబారే బాగుందని మలయాళీలు మళ్లీ మళ్లీ పోయించుకున్నారు, అది వేరే సంగతి. ఆ తర్వాత స్టవ్ చెడింది. కొట్టు పేపర్లన్నీ కఫీల్ పేరు మీదే, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని. ఆయన వచ్చి, "ఇంకోసారి మూతపడిందా, ఖలాస్. నువ్వు ఇంటికి, కొట్టు ఇంకొకడికి" అని చెప్పేసి వెళ్లాడు.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయనొక దేశం, నేనొక దేశం. ఆయన మస్కట్ నుంచి వచ్చేసరికి నేను బహ్రెయిన్ విమానం ఎక్కాను. ఇన్నేళ్లకి ఇద్దరం ఒక దీవిలో పడ్డాం. శుక్రవారం వస్తే బస్సెక్కి మనామా వెళ్లి, ఆయనతో కడుపునిండా పోట్లాడి, ఆయన వేసిన దోసె తిని వచ్చేదాన్ని. ఆ భాగ్యం పోతుందంటే ఏడుపు ఆగలేదు.

"ఇదంతా దిష్టే. ఎదరున్న టీకొట్టోడి కన్ను మంచిది కాదే" అని మా ఆయన తేల్చేశాడు. దిష్టికి కట్టడానికి జిదాఫ్స్ మార్కెట్టంతా తిరిగాను. ఎర్ర గుమ్మడికాయ దొరికింది గానీ బూడిద గుమ్మడికాయ దొరకలేదు. నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ దండగుచ్చి గుమ్మానికి వేలాడదీస్తే, ఎవడో మహానుభావుడు ఆ నిమ్మకాయ కాస్తా తెంపుకుని ఉప్మాలో పిండుకున్నాడు.

ఇంతలో మేడం ఇంట్లో బరువుకి వంగిపోయిన పుస్తకాల బల్ల బాగుచేయడానికి ఒక వడ్రంగి వచ్చాడు. నిజామాబాద్ వైపు కుర్రాడు. మా కొట్టు గుమ్మం బిగించింది అతనే. పుస్తకాలు దింపుతూ చెక్కుడు బొమ్మల పుస్తకం తెరిచి గట్టిగా అరిచాడు.

"అక్కా, ఇటు రా! గిది మన దిష్టిబొమ్మనే గదా! కండ్లు సూడు, నాలుక సూడు!"

వెళ్లి చూద్దును కదా, నిజమే. గుడ్లురిమి, నాలుక గడ్డం దాకా చాపి, మొహం నిండా మెలికలు తిరిగిన గీతలతో ఒక పెద్దమనిషి. మా ఊళ్లో కట్టే ఇళ్ల ముందు వేలాడదీసేవాటికి అన్నగారిలా ఉన్నాడు. అంత దూరంలో ఉన్న దేశానికీ దిష్టి తగులుతుందన్నమాట, పాపం, అనుకున్నాను. ఈ బొమ్మ చూసి గీసుకోవచ్చా అని అడిగితే మేడం ఎంతో సంబరపడింది. ఎందుకని ఆవిడ అడగలేదు, మేమూ చెప్పలేదు.

వడ్రంగి తమ్ముడు ప్లైవుడ్ మీద ఉలితో చెక్కి, నలుపూ ఎరుపూ పూశాడు. పుస్తకంలో కళ్లకి ఆల్చిప్ప ముక్కలు పొదిగి ఉన్నాయి. మాకవెక్కడివి? పాత సినిమా సీడీ పగలగొట్టి అతికించాడు. సందులో కారు లైటు పడితే ఆ కళ్లు ధగధగమనేవి. నాకే దడుపు జ్వరం వచ్చేలా ఉంది. గుమ్మం పైన బిగించాం.

ఇక చూడాలి! గ్రైండర్ మళ్లీ మొరాయించలేదు. ఏసీ బుద్ధి తెచ్చుకుంది. ఫోటోల కోసం వచ్చినవాళ్లు ఊరికే పోలేక దోసె తినిపోయేవారు. నాలుక హోటల్ అనే పేరు పడింది. టీకొట్టువాడు కూడా రోజూ వచ్చి దాన్ని చూసి ఇడ్లీ తినేవాడు. మా ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

అలాంటి ఒక శుక్రవారం మేడం దోసె తింటానని తన కార్లో వచ్చింది. దిగింది, తలెత్తింది, అక్కడే నిలబడిపోయింది. చెయ్యి మెడలో రాయి మీదికి పోయింది.

నేను ఎగురుకుంటూ వెళ్లాను. "మేడం, మీ పుస్తకంలోదే! చెడ్డ కన్ను పడకుండా. కుళ్లుమోతులు కొట్టుని చూడకుండా ఈ వికారపు మొహాన్ని చూస్తారు!" వికారం అన్న మాటకి నేను మొహం కూడా పెట్టి మరీ చూపించాను.

మేడం ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. మెల్లిగా చెప్పింది. "అది దిష్టిబొమ్మ కాదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో అందరూ కలిసే ఇల్లు ఉంది, ఆ ఇంటి నెత్తిన ఉండే పెద్దాయన. మాకు తాత. నాలుక చాపడం వెక్కిరింత కాదు, పౌరుషం."

వడ్రంగి తమ్ముడు ఫ్రిజ్ వెనక్కి జారుకున్నాడు. మా ఆయన చెప్పులు విడిచేశాడు. "ఒసేయ్, పరాయివాళ్ల తాతగార్ని తెచ్చి గుమ్మానికి వేలాడదీశావా! పాపం చుట్టుకోదూ!" అని నా మీద విరుచుకుపడ్డాడు. ఎక్కి మేకు కొట్టింది తనే.

తప్పు దిద్దుకోవాలి కదా. స్టూలు వేసి తాతగార్ని కిందికి దించాడు. తన కొత్త తువ్వాలుతో తుడిచి, లోపల కౌంటర్ మీద కూర్చోబెట్టాడు. మల్లెదండ తెప్పించి వేశాడు, అగరొత్తులు వెలిగించాడు. పెద్దాయన కదా అని అరిటాకు ముక్క పరిచి ఇడ్లీ, వడ, రెండు చట్నీలు, పైన నెయ్యి వేసి భక్తిగా ముందు పెట్టాడు.

"నో, నో, నో!" అని మేడం లేచి నిలబడింది. "తిండి వద్దు! ఆయన ఉన్నచోట తిండి ఉండకూడదు. అదే అన్నిటికన్నా పెద్ద తప్పు!"

మా ఇళ్లలో పెద్దలకి పెట్టకుండా తింటే తప్పు. వాళ్లకేమో పెడితే తప్పు. మా ఆయన తాతగార్ని చంకనెత్తుకుని చోటు వెతకడం మొదలుపెట్టాడు. బల్ల మీద లడ్డూలు. వెనక గదిలో మినప్పిండి. అటక మీద ఆవకాయ జాడీలు. బాత్‌రూం వైపు ఒక అడుగు వేశాడు, జనమంతా ఛీ అని అరిచారు. వీధిలోకెళ్తే అక్కడ టీకొట్టు బజ్జీలు. టిఫిన్ సెంటర్లో తిండి లేని చోటు ఎక్కడుంటుంది? చివరికి మేడం కారు వెనక సీట్లో, దండతో సహా, పెళ్లికొడుకులా కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు.

మేడం ఇక ఆపుకోలేక పడీపడీ నవ్వింది. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఎక్కడో కాలింది.

"నవ్వండి మేడం, నవ్వండి! మీ తాతగారు ఏసీ కార్లో హాయిగా ఉన్నారు. రేపు గ్రైండర్ మళ్లీ కాలితే ఈయన విమానం ఎక్కుతాడు. ఇన్నేళ్లకి మొగుడూ పెళ్లాం ఒక నేల మీద నిలబడ్డాం. ఈయన పోతే నేనెవరితో పోట్లాడాలి? గుమ్మానికి ఎవరు కాపలా?" తెలుగులోనే అరిచేశాను. కోపమొస్తే నాకు కళ్లు బైటికొస్తాయి, నాలుక మడిచి బైటపెట్టి కొరుకుతాను. చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

మేడం నవ్వు ఆపేసింది. నా మాట ఒక్కటీ అర్థం కాకపోయినా నా వంకే చూస్తూ, పార్సిల్ కాగితం, పెన్సిలూ అడిగింది.

ఫ్రిజ్ వెనకనుంచి తమ్ముడు తల బైటపెట్టాడు. "అక్కా, కదలకు! గట్లనే ఉండు! ఇంకింత కోపం తెచ్చుకో!"

మేడం గీసింది. కొప్పు, ముక్కుపుడక, గుడ్లు, నాలుక, అన్నీ నావే. అదే తమ్ముడు చెక్కాడు, అవే సీడీ కళ్లు పెట్టాడు. మరుసటి శుక్రవారం గుమ్మం పైన నేనే వెలిశాను. "ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే చూశాను. ఇహ ఊరంతా చూస్తారు" అన్నాడు మా ఆయన, దాని కింద నిలబడి. గ్రైండర్ కాలలేదు. కఫీల్ మళ్లీ ఖలాస్ అనలేదు. తాతగారు మేడం హాల్లో ఉండేవారు. దులిపే ముందు నేను ఆయనకి దణ్ణం పెట్టుకునేదాన్ని, చేతులు కడుక్కుని మరీ. ఆవిడ వెళ్లిపోయేటప్పుడు ఆయన్ని తన చేతుల్లోనే తీసుకెళ్లింది.

కొన్నేళ్లకి మేమూ కొట్టు కఫీల్‌కి అప్పగించి, కలిసే ఊరికి వచ్చేశాం. నా చెక్కని దుప్పట్లో చుట్టి తెచ్చాడు మా ఆయన. కోడలు వంటింట్లో తగిలించబోతే, కొంప మునిగినట్టు పరిగెత్తుకొచ్చి లాక్కున్నాడు. హాల్లో కట్టాడు. ఇప్పుడు పొద్దున్నే నేను కాఫీ ఇస్తే, ఆ బొమ్మ వైపు ఒకసారి చూసి, గ్లాసు పట్టుకుని వీధరుగు మీదికి వెళ్లి తాగుతాడు. వానొచ్చినా అంతే. నేనింకా బతికే ఉన్నాను మొర్రో, ఇలా లోపల కూర్చుని తాగవయ్యా అంటే వినడు. "కఫీల్ నన్ను పంపించకుండా ఆపింది అదే. దాని మర్యాద దానికి ఉండాలి" అంటాడు.