ఆకలితో ఉంచాల్సిన తొట్టి

మావారి అక్క చేసిన ఉద్యోగం చెబితే ఎవరూ నమ్మరు. సముద్రపు బ్యాక్టీరియాను ఆకలితో ఉంచడం ఆమె పని.

అంతకుముందు ఉక్కు కర్మాగారం వెనక చిట్టెం గుట్టల దగ్గర పని చేసేది. ఇనుము తీశాక మిగిలే రాతిపిప్పి చిట్టెం. ఆ దుమ్ము పీల్చీ పీల్చీ నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకునే స్థితికి వచ్చింది. ఆ చిట్టెంలో ఇంకా చిక్కుకుని ఉన్న ఇనుమును బ్యాక్టీరియా చేత సముద్రపు నీటిలోకి విడిపిస్తే నాచు పెరుగుతుందని, చేపలకు మేత దొరుకుతుందని కర్మాగారం వాళ్ళు ఒడ్డున ప్రయోగశాల పెట్టారు. అక్కడ నీళ్ళు పరీక్షించేది నేను. బ్యాక్టీరియా పెంచే తొట్టి చూసుకోవడానికి మనిషి కావాలంటే వదిన పేరు చెప్పాను. గుట్టలు వదిలాక ఆమెకు కాస్త ఊపిరాడింది.

నీటిలో ఇనుము దొరకనప్పుడే ఆ జీవులు రాతిని కరిగించి లాక్కుంటాయి. దొరికితే తిని కూర్చుంటాయి. అందుకే తొట్టిలో మేకు కూడా పడనివ్వకూడదు. మా పాప వెంట గిన్నె పట్టుకుని నేను ఇల్లంతా తిరుగుతుంటే వదినకు నవ్వు.

“కోట్లమందిని పస్తులుంచి పెంచుతున్నానే మరదలా. ఒక్కదానికే నీకింత హైరానా?”

కర్మాగారం పెద్దల ముందు పరీక్ష దగ్గరపడిందనగా తొట్టికి నీళ్ళు తెచ్చే ప్లాస్టిక్ గొట్టం పగిలింది. మరమ్మతు మనిషి చేతికందిన ఇనుప గొట్టం బిగించి వెళ్ళాడు. కొద్దిరోజుల్లోనే తొట్టి పాలు కలిపినట్టు చిక్కబడింది. బ్యాక్టీరియా బాగా పెరిగాయని వదిన మురిసిపోయింది. చదువుకున్న నేనూ మురిసిపోయాను. ఒళ్ళు చేసిన పిల్లల్ని చూసి అనుమానపడేదెవరు?

పరీక్ష రోజు ఉప్పునీటి మడుగులో చిట్టెం పోసి, పైన తొట్టి నీళ్ళు వదిలారు. కర్మాగారం పెద్దలు గట్టు మీద కుర్చీల్లో కూర్చున్నారు. సాయంత్రం దాకా పరీక్షిస్తూనే ఉన్నాను. చిట్టెం రవ్వంత కూడా కరగలేదు. చివరికి తొట్టి నీళ్ళే పరీక్షిస్తే నిండా ఇనుము. అప్పుడు చూశాం గొట్టాన్ని.

వదిన ప్రయోగశాల మేనేజరు దగ్గరకు వెళ్ళింది. “కడుపు నిండి ఉన్నాయండీ. నాలుగు రోజులు ఆగితే ఆకలేసి అవే మొదలెడతాయి.”

ఆయన విసుక్కోలేదు. “నమ్ముతానమ్మా. కానీ వాళ్ళొచ్చింది ఇవాళ, చూసింది ఇవాళ.”

అప్పటికే కార్లు గేటు దాటాయి.

ఆ వారంలోనే మడుగులో ఇనుము పెరగడం మొదలైంది. కర్మాగారానికి లెక్కలు పంపాను, ఫోన్లు చేశాను. చూస్తామన్నారు. ప్రయోగశాల మూసేయమని అప్పటికే వచ్చిన ఉత్తర్వు మాత్రం మారలేదు.

బ్యాక్టీరియా చావడానికి మడుగులో బ్లీచింగ్ పౌడరు చల్లే పని వదినకే చెప్పారు. బస్తా అందుకోబోతే నన్ను పక్కకు నెట్టింది. చంటిపిల్ల తల్లివి, ఈ ఘాటు నీకెందుకంది. మొహానికి గుడ్డ కట్టుకుని, గాలివాటు చూసుకుని, మడుగు చుట్టూ తిరిగి చల్లింది. నీళ్ళు తేటపడుతుంటే ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం.

“గుట్టల దగ్గరకు బస్సు ఇప్పుడెన్నింటికో కనుక్కోవే” అంది.