హ్యాండిల్ లాక్ వద్దన్న చాచా

సిరిసిల్ల బస్టాండు ఎదురుగా బండ్ల స్టాండు నడిపిన చాచా మంగళవారం పొద్దున తొమ్మిదింటికి చనిపోయారు. స్టాండులో కుర్చీ వేసుకుని చాయ్ చెప్పారట. చాయ్ వచ్చేసరికే ప్రాణం పోయింది. గుండెపోటని డాక్టరు చెప్పారు. సాయంత్రం నమాజు తర్వాత ఖననం జరిగింది.

ఊళ్లో అందరికీ ఆయన చాచాయే. కోనరావుపేట, చందుర్తి, వీర్నపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లు బండి ఆయన దగ్గర పెట్టి కరీంనగర్ బస్సో హైదరాబాద్ బస్సో ఎక్కేవారు. రేకుల షెడ్డు, ముందు వెదురు గేటు. జాగా చిన్నది కాబట్టి చాచాది ఒకటే షరతు: హ్యాండిల్ లాక్ వేయకూడదు. లోపలి బండి బయటికి రావాలంటే ముందున్నవాటిని జరపాలి. మెడ బిగిసిన బండి జరగదు.

“లాక్ ఎయ్యకుంటె ఎవ్వడన్న ఎత్కపోతే?” అని ఒకసారి చందుర్తి రైతు ఒకాయన అడగడం విన్నాను.

“నేను కూసున్నది గందుకే గద పటేలా. నువ్వు లాక్ ఏస్తే ఇగ నేనెందుకు?”

సకల జనుల సమ్మెకు కొద్ది వారాల ముందు, మా పత్రిక ఆదివారం సంచికకు అమెరికా నగరాల్లో కార్లు నిలిపే భవనాల చరిత్ర రాశాను. చాచాకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. తన పనికి సంబంధించిన ముచ్చట కాబట్టి చదివి వినిపించమన్నారు. కార్లు కొత్తగా వచ్చినప్పుడు అక్కడి గుర్రపుశాలలే గ్యారేజీలుగా మారాయని చదివాను.

“మరి గుర్రాలనేం జేసిండ్రు?”

అది నేను రాయలేదు. ముందుకు చదివాను. తర్వాత అంతస్తులు కట్టారు, కార్లను లిఫ్టుల్లో పైకి చేర్చారు.

“కారు మీదికెక్కినంక కరెంటు పోతే?”

“అక్కడ కరెంటు పోదు చాచా.”

“కరెంటన్నంక పోకుంటెట్ల సాబ్?”

మరమగ్గాల ఊళ్లో ఆయనను ఈ విషయంలో ఒప్పించడం కష్టం. మొదట్లో తాళాలు తీసుకుని పనివాళ్లే కార్లు పెట్టేవారని విన్నప్పుడు సంతోషపడ్డారు. రానురాను ఎవరి కారు వారే పెట్టుకునే పద్ధతి వచ్చిందని, కారుకు ఏమైనా మా బాధ్యత కాదని చాలాచోట్ల చీటీ మీదే అచ్చువేశారని చదివాను. ఆ వాక్యం మళ్లీ చదవమన్నారు.

“బాధ్యత లేకుంటె అది స్టాండెట్లయితది? ఉత్త జాగ గద” అన్నారు. ఆయనకు కోపం రాలేదు. నిజంగానే అర్థం కాలేదు.

తర్వాత సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. బండ్లు పెట్టి వెళ్లినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకున్నారు. చాచా ఉద్యమానికి దూరంగా లేరు. పెద్దబిడ్డను స్టాండులో కూర్చోబెట్టి తాను దీక్షా శిబిరంలో కూర్చునేవారు.

రాస్తారోకో రోజు పొద్దున మగ్గాలు ఆపి వచ్చిన యువకులు గేటు దగ్గరికి వచ్చారు. రోడ్డుకు అడ్డంగా బండ్లు పెట్టాలని వాళ్ల ఆలోచన. లాక్ లేని బండ్లు అన్ని ఒక్కచోట మరెక్కడా దొరకవు. వార్త కోసం నేనూ అక్కడే ఉన్నాను.

“చాచా, జర బండ్లియ్యి. పొద్దుమీకి మల్ల తెచ్చి పెడతం” అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

“నాయి గావు.”

“అంటే నీకు తెలంగాణ వద్దా?”

“నిన్న శిబిరంల నీ పక్కకే గద కూసున్న. నిద్రవోయినవు, చూల్లె.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అడిగినవాడు నవ్వలేదు. గేటు మీద చెయ్యి వేసి నెట్టాడు. చాచా కదల్లేదు.

“తెలంగాణ వస్తది బేటా. వచ్చినంక గీ బండ్లోళ్లు గూడ వస్తరు. వాళ్లకేం జెప్పాలె? లాక్ వద్దన్నది నేనే.”

లోపలికెళ్లి గడ్డపార తెచ్చి, తన గేటునే పెకలించడం మొదలుపెట్టారు. “రోడ్డుకు అడ్డం గావాలె, గంతే గద. గిది నాది. తీస్కపోండ్రి.”

తర్వాత గేటు నెట్టినవాడే ఓ చివర పట్టుకున్నాడు. ఆ రోజంతా అది రోడ్డు మీద ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలియదు.

బస్సులు మళ్లీ తిరిగేదాకా చాచా ఆ ఖాళీలోనే కుర్చీ వేసుకున్నారు. శిబిరానికి వెళ్లడం మానేశారు. “గేటుకు గడ్డం మొలిసింది” అని చాయ్ హోటల్ వాళ్లు ఆటపట్టించేవారు. సమ్మె ముగిశాక ఒక్కొక్కరే వచ్చి బండ్లు తీసుకున్నారు. వీర్నపల్లి నుంచి వచ్చిన ఒకామె మోపెడ్ చక్రం నొక్కి చూసి, “గాలి దిగింది చాచా” అంది.

“గాలికి నేను గ్యారంటీ ఇయ్యలేదమ్మా” అన్నారు.

మంగళవారం కూడా స్టాండులో బండ్లున్నాయి. జగిత్యాల నుంచి వచ్చిన పెద్దబిడ్డ ఖననమైన సాయంత్రమే షెడ్డు తెరిచి, అడిగినవాళ్లకు బండ్లు ఇచ్చింది. “అబ్బా పోయిండని వాళ్లు నడుసుకుంట పోతరా?” అంది. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. కోనరావుపేట దంపతులది. ఎప్పుడొస్తారో చాయ్ హోటల్లో చెప్పి కోరుట్లలో చుట్టాల పెళ్లికి వెళ్లారు. వాళ్ల ఫోన్ నంబరు ఆమె దగ్గర లేదు.

గురువారం జియారత్, మూడో రోజు ప్రార్థన. శనివారం మధ్యాహ్నం బస్సుకు ఆ దంపతులు దిగుతారు. చాచా పోయిన సంగతి వాళ్లకింకా తెలియదు.