సరే అంటే జబ్బే

పేచీ పెట్టుకోగలిగిన మనిషికి డాక్టరు అక్కర్లేదు. ఇది పెదనాన్న సిద్ధాంతం. ఒళ్ళు కాలిపోనీ, ముక్కు కారిపోనీ, ఎదుటివాడి మాటకి ఎదురు మాట అనగలిగినంతసేపూ ఆ మనిషి నిక్షేపంలా ఉన్నట్టే లెక్క. నోరు మూసుకొని "సరే" అన్నాడా, ఇక ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. థర్మామీటరు ఒంటి వేడి చెబుతుంది గానీ మనిషి సంగతి చెప్పదు అంటాడాయన.

ఈ జ్ఞానం ఆయనకి సిటీ బస్సులో కలిగింది. జుట్టు నెరిసేదాకా కండక్టరుగా పనిచేశాడు. "టికెట్టు అనగానే కిక్కురుమనకుండా తీసుకున్నవాణ్ణి చూస్తే నాకు హడలు. వాడికి ఎక్కడో ఏదో అయిందన్నమాట. చిల్లర లేదని దెబ్బలాడి, దిగేటప్పుడు కూడా గొణుక్కుంటూ దిగేవాడున్నాడే, వాడు నూరేళ్ళు బతుకుతాడు" అని చెప్పేవాడు. రిటైరై తమ్ముడి ఇంటికి వచ్చి స్థిరపడ్డాక బస్సు లేదు, ప్రయాణికులు లేరు. ఆ ముచ్చటంతా ఇంటివాళ్ళ మీద పడింది. వీధి మొత్తం ఆయన్ని పేచీ పెదనాన్న అనేది.

ఎవరి గదిలోంచైనా దగ్గు వినబడితే చాలు, గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడు. పలకరింపు ఉండదు. వాళ్ళకి ప్రాణమైనదేదో చూసి దాన్ని తిట్టేవాడు. లారీ నడిపే తమ్ముడితో, "నీకంటే ఎద్దు నయం, మలుపులో కనీసం తల తిప్పుతుంది" అనేవాడు. కర్టెన్లు కుట్టే మరదలితో, "నువ్వు కుట్టిన కర్టెన్ వేస్తే కిటికీయే వంకరగా కనిపిస్తోందమ్మా" అనేవాడు. అవతలివాళ్ళు భగ్గుమంటే సంతృప్తిగా తలాడించి వెళ్ళిపోయేవాడు.

ఈ పరీక్ష ఎప్పుడూ నిజమే చెప్పేదని కాదు. ఒకసారి మరదలు స్నానాలగదిలో జారిపడి మణికట్టు బూరెలా వాచింది. ఈయన కర్టెన్ల మాటెత్తాడు. ఆవిడ ఆయన్నీ, ఆయన ముక్కునీ, అత్తింటి వంశాన్నీ కలిపి ఉతికి ఆరేసింది. "భేషుగ్గా ఉంది" అని తేల్చేశాడు. మర్నాడు ఎక్స్‌రే తీస్తే ఎముక చిట్లింది. ఇప్పటికీ ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "విరిగింది ఎముక. మనిషి విరగలేదుగా!" అని తప్పించుకుంటాడు.

ఆ మరదలు సరిగ్గా ఆయనకి ఎదురు. ఇంట్లో ఎవరు తుమ్మినా చేతిసంచీ భుజాన వేసుకొని చెప్పులు తొడుక్కునేది. వీధి చివరి డాక్టరు ఆవిణ్ణి చూసి, "అమ్మా, తుమ్ముకి నా దగ్గర మందు లేదు" అని చేతులెత్తేశాడు. దాంతో ఆ ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. ముందు పెదనాన్న పేచీ, ఆ తర్వాతే డాక్టరు.

ఈ ఒప్పందం మధ్యలో పెరిగిన పిల్ల ఒకతె ఉంది, ఆ మరదలి కూతురు. హైస్కూలు చివరి తరగతి. ఇంట్లో ఆ పిల్లని అందరూ మొండి అనే పిలిచేవారు, ఆ పిల్ల కూడా అందుకు గర్వపడేది. పెదనాన్నతో రోజుకో యుద్ధం లేకపోతే దానికి ముద్ద దిగేది కాదు. అయితే ఒక్క విషయంలో మాత్రం పెదనాన్నని చూస్తే దానికి తల కొట్టేసినట్టుండేది. పైవాటాలో రిటైరైన సంగీతం టీచరుగారు ఒక్కరే ఉంటారు. ఆవిడ వసారాలో వరుసగా మొక్కల కుండీలు. రోజూ పొద్దున్నే పెదనాన్న సరిగ్గా ఆ కుండీల కిందికే కుర్చీ లాక్కొని పేపరు విప్పేవాడు. పైనుంచి నీళ్ళు టపటపా పడేవి.

"ఏమండీ టీచరుగారూ! నేను పేపరు చదవాలా, పిండుకోవాలా?"

"కుర్చీ అటు జరుపుకోవచ్చుగా! వాకిలంతా ఖాళీయేగా!"

"నా వాకిట్లో నేను జరగను!"

"నా మొక్కలకి నేను నీళ్ళు మానను!"

వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవారు. మొండి దిండు కింద తల దూర్చుకునేది.

వాలీబాల్ ఫైనల్ రోజు పొద్దున మొండికి బొడ్డు దగ్గర నొప్పితో మెలకువ వచ్చింది. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఎవరికీ వినబడకుండా వాంతి చేసుకుంది. పళ్ళు తోముకునేసరికి నొప్పి మెల్లగా కుడివైపుకి దిగింది. అయినా వెళ్ళి తీరాలనుకుంది. జట్టులో బంతిని పైకి లేపి అందించేది ఆ పిల్లే. కిందటేడు ఇదే ఫైనల్లో, ఇదే స్కూలు చేతిలో ఓడిపోయి, బస్సులో ఇంటిదాకా ఒక్కరూ మాట్లాడుకోలేదు. ఈసారి కడుపు కాదు కదా, ఆకాశం ఊడిపడినా ఆడాల్సిందే.

నాన్న లారీతో ఊరెళ్ళాడు. కంచంలో తిండి కదపకపోయేసరికి అమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది. "ఒళ్ళు వెచ్చగా ఉందే! పద డాక్టరు దగ్గరికి."

"నాకేం కాలేదు."

"మరి తినవేం?"

"ఆకలి లేదు. మ్యాచి రోజు ఎవరికీ ఆకలి వెయ్యదు."

"మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. బావగారూ! ఒకసారి ఇటు రండి!"

పెదనాన్న ఎప్పుడూ తడిసిన పేపరుతోనే వచ్చేవాడు. ఆ రోజు పేపరు పొడిగానే ఉంది, పైనింకా కుండీలకి నీళ్ళు పెట్టలేదు. గుమ్మంలో నిలబడి పిల్లని ఎగాదిగా చూశాడు.

"వాలీబాల్ కూడా ఒక ఆటేనా అంట! బంతి మీదికొస్తే పట్టుకోవాలి గానీ, చెయ్యి కాలినట్టు అవతలికి తోసెయ్యడం ఏమిటి?"

మొండికి ఆ పరీక్ష చిన్నప్పటినుంచీ తెలుసు. ఎలా నెగ్గాలో అంతకంటే బాగా తెలుసు. కుర్చీ అంచు గట్టిగా పట్టుకొని, నవ్వు మొహం పెట్టింది.

"నువ్వు మాత్రం? జరగండి జరగండి అని జనాన్ని తోస్తూ బతికావు. అదీ ఒక ఉద్యోగమేనా?"

"శభాష్," అన్నాడు పెదనాన్న. "పిల్లకి ఢోకా లేదమ్మా."

"మీకేమైనా మతి పోయిందా? వాలకం చూడండి!"

"వాలకం కాదు, నోరు చూడాలి."

"ఇక మీ నోళ్ళు నేను చూడలేను, దీన్ని తీసుకెళ్తున్నా!"

"నేను రానంటే రాను!" అని మొండి బూట్ల దగ్గరికి నడిచింది. అడుగు అడుగుకీ కుడివైపు పొడుస్తోంది. పళ్ళ బిగువున నడిచింది. నెగ్గేశాననుకుంది.

పెదనాన్న మాత్రం అక్కడినుంచి కదల్లేదు. ఏదో తేడాగా అనిపించింది. ఆ పిల్ల ఏనాడూ అడిగినదానికి అంత సూటిగా జవాబు చెప్పలేదు. కాళ్ళు నేలకేసి కొట్టాలి, చేతిలో పేపరు లాక్కోవాలి, ఎప్పుడో తను ఇస్తానని ఇవ్వని సైకిలు సంగతి లాగాలి. ఇవాళ కూర్చున్న చోటినుంచే ఒక్క మాట అని, తీర్పు కోసం తన మొహంలోకి చూసింది.

మొండి వీధి గుమ్మం మెట్టు మీద కూర్చొని లేసు కట్టుకోవడానికి వంగింది. వంగింది గానీ లేవడం చేతకాలేదు.

పెదనాన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "లేసు కట్టుకోవడం రాదు గానీ, ఫైనల్ ఆడుతుందట!"

పిల్ల మాట్లాడలేదు.

"అసలు నువ్వు లేకపోతేనే మీ జట్టు గెలుస్తుంది."

మొండి నోరు తెరిచింది. జవాబులు లేక కాదు. ఒకదాని వెనక ఒకటి గొంతుదాకా వచ్చి నిలబడ్డాయి. అయితే అవి బయటికి రావాలంటే ఊపిరి పీల్చాలి, ఊపిరి పీలిస్తే కడుపులో కత్తి తిరుగుతోంది. ఇంత పెద్ద మాట అన్న మనిషిని ఏమీ అనకుండా వదిలెయ్యాల్సి వచ్చినందుకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఏం చెయ్యగలదు?

"సరే పెదనాన్నా," అంది.

పేపరు ఆయన చేతిలోంచి జారిపోయింది.

"అమ్మా! సంచీ తీసుకో! పద పద!"

"ఏమైంది బావగారూ?" అంటూ అమ్మ లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది.

"సరే అంది!"

"ఏమందీ?"

"సరే అందమ్మా! దీని నోటితో ఇది సరే అంది!"

తుమ్ముకే చెప్పులు తొడుక్కునే మనిషి, ఆ రోజు చెప్పుల సంగతే మరిచిపోయింది. మొండికి ఏడుపు తన్నుకొచ్చింది. "నేను రాను! నా మ్యాచి! ఇప్పుడు దెబ్బలాడుతున్నాగా! నెగ్గినట్టేగా!"

"ఇది పేచీ కాదు, ఏడుపు. రెండూ ఒకటి కాదు," అని పెదనాన్న పిల్లని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. చిన్నప్పుడు ఎత్తుకున్నదే, మళ్ళీ ఇదే.

వీధి మలుపులో ట్యాక్సీ అతనికి పెదనాన్న కొత్తవాడు కాదు. ఎక్కడికి ఎక్కినా, ఎంత అడిగినా వాదన పెట్టుకోకుండా దిగిన రోజు లేదు. ఆ రోజు ఎంతని అడగకుండా ఎక్కి కూర్చున్నాడు. డ్రైవరు అద్దంలోంచి కంగారుగా చూశాడు. "ఏంటి సార్, ఒంట్లో బాలేదా?"

"నాకు కాదు, పిల్లకి. తోలవయ్యా బాబూ!"

ఆసుపత్రిలో డాక్టరమ్మ కుడివైపు నొక్కి చూసింది, పరీక్షలు చేయించింది. అపెండిక్స్ వాచిందనీ, వెంటనే ఆపరేషన్ చెయ్యాలనీ చెప్పింది. "ఈ స్థితిలో ఎగిరి దూకి ఉంటే లోపలే పగిలేదేమో. సమయానికి తెచ్చారు. ఎవరు గమనించారు?"

"మా బావగారండీ," అంది అమ్మ.

"ఎలా గమనించారు?"

"పిల్ల సరే అందండీ."

డాక్టరమ్మ ఒకసారి అమ్మ వైపు, ఒకసారి పెదనాన్న వైపు చూసింది. విషయం విన్నాక మొహం గంభీరంగా పెట్టింది. "పెద్దాయనా, వాంతీ, జ్వరం, కుడివైపు నొప్పి ఉంటే ఇంకెప్పుడూ పేచీ కోసం ఆగకండి. నేరుగా వచ్చెయ్యండి. అర్థమైందా?"

"సరే అమ్మా," అన్నాడు పెదనాన్న.

ఆ మాట వినగానే అమ్మ గబగబా కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళ సీసా చేతికిచ్చింది.

మొండికి మళ్ళీ తెలివి వచ్చేసరికి కిటికీలో సాయంత్రపు ఎండ ఉంది. కళ్ళు తెరవబుద్ధి కాలేదు. పక్కన పెదనాన్న గొంతు వినబడుతోంది. ఎన్నడూ లేనిది, మెల్లగా.

"నేనిక్కడ ఉంటాను గానీ, నువ్వొకసారి ఇంటికెళ్ళమ్మా. పైవాటా టీచరుగారితో ఏదో ఒక పేచీ పెట్టుకొని రా."

"ఇప్పుడా? ఏమిటి బావగారూ మీ చాదస్తం!"

"పొద్దున్న హడావుడిలో పెట్టుకోలేదు. ఒంటరి మనిషి. ఆవిడ గొంతు ఎలా ఉందో ఇవాళ ఎవరూ వినలేదు. బాగున్నారా అని అడిగితే, బాగున్నాననే చెబుతుంది. ఎవరైనా అంతేగా. తిడితే గానీ తెలియదు."

మొండి కళ్ళు మూసుకొనే ఉంది. ఇన్నాళ్ళూ దిండు కింద తల దూర్చుకుంది ఈ పేచీకా? దానికి సిగ్గేసింది. ఆ వెంటనే పెదనాన్న మీద పట్టలేనంత ప్రేమ కలిగింది.

అమ్మ లేచేలోపే తలుపు తోసుకొని సంగీతం టీచరుగారు వచ్చారు. ఒక కాలికి ఒక చెప్పు, ఇంకో కాలికి ఇంకో చెప్పు. పెదనాన్నని చూడగానే గోడకి ఆనుకొని ఊపిరి పీల్చుకున్నారు.

"బతికే ఉన్నారా? పొద్దుట్నుంచీ కుండీల్లో నీళ్ళు పోస్తూనే ఉన్నానండీ! కింద ఉలుకూ పలుకూ లేదు! మీకేమో అయిందనుకొని నా కాళ్ళూ చేతులూ ఆడలేదు. చివరికి మీరు ఆసుపత్రికి వెళ్ళారని ఆ ట్యాక్సీ అబ్బాయి చెబితే తెలిసింది."

పెదనాన్న ఆవిడకేసి తిరిగాడు. "అంటే ఆ నీళ్ళు..."

"మరి? కుర్చీ తెచ్చి అక్కడే వేస్తారే, పొయ్యకపోతే మీరు బాధపడరూ?"

మంచం మీదినుంచి నీరసంగా ఒక గొంతు వచ్చింది. "పెదనాన్నా. నేను లేకపోతేనే మా జట్టు గెలుస్తుందా?"

"ఓడిపోయిందట," అన్నాడు పెదనాన్న, ఆ మాట అనడానికి అంత ఆనందం ఎలా వచ్చిందో గానీ.

"అయితే అన్న మాట వెనక్కి తీసుకో. పైగా సైకిలు కొనిస్తానని ఎగ్గొట్టావు. వాలీబాల్ గురించి నీకేం తెలుసు? బంతికీ బూందీకీ తేడా తెలియదు!"

"తీసుకోను!" అని పెదనాన్న లేచి నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "పిల్ల నిక్షేపంలా ఉంది. ఇక నా పని ఇక్కడ లేదు!"

పని లేదన్న మనిషి మొండి డిశ్చార్జి అయ్యేదాకా ఆసుపత్రి విడిచి పోలేదు. లోపలికి పంపని గేటు కాపలావాడితో, ఎప్పుడూ పైనే ఉండే లిఫ్టుతో, టీ పేరుతో వేడినీళ్ళు అమ్మే క్యాంటీనుతో, కనబడ్డ ప్రతివాడితోనూ బాకీపడ్డ పేచీలన్నీ తీర్చుకున్నాడు. ఫలితంగా ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున లేచేసరికి గొంతు పూర్తిగా పోయింది.

"ఒకసారి డాక్టరుకి చూపిద్దాం బావగారూ," అంది అమ్మ.

పెదనాన్న అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. డాక్టరు ఎందుకని వాదించడానికి నోరు తెరిచాడు. చెయ్యి ఊపాడు. కనుబొమలు ఎగరేశాడు. మాట మాత్రం రాలేదు.

అమ్మ చేతులు కట్టుకొని ఓపిగ్గా చూసింది. ఆ తర్వాత చేతిసంచీ భుజాన వేసుకుంది. "పేచీ రాలేదు బావగారూ. మీ రూలే. పదండి."

ఆయన గిజగిజలాడుతూ చెప్పులు తొడుక్కున్నాడు. వాకిట్లో ఆగి, వేలితో పైవాటా వైపు చూపించి, మొండి వైపు బతిమాలుతున్నట్టు చూశాడు.

మొండి కుట్ల మీద చెయ్యి వేసుకొని నెమ్మదిగా నడిచి వచ్చింది. ఆయన కుర్చీ కుండీల కిందికి లాక్కొని కూర్చుంది. పొడి పేపరు విప్పింది. టపటపా నీళ్ళు పడ్డాయి. తల పైకెత్తింది.

"ఏమండీ టీచరుగారూ! నేను పేపరు చదవాలా, పిండుకోవాలా?"